మూలకు పడ్డ సైకిళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత సైకిల్ కొనాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచే ఎక్కువ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

మా తాత తొక్కినటువంటి 24 సైజు పాత సైకిల్ ఒకటి కొనాలని ఉంది. ఆన్‌లైన్ల ‘యాంటిక్’ అని రాసి వేలకు వేలు చెప్తున్నరు. అగ్గువకు దొరకాలంటే ఎక్కడ వెతకాలె? – దేవరకొండ పాఠకుడు

సైకిల్‌ను ఇనుముగా చూసేవాళ్ల దగ్గరే అగ్గువకు దొరుకుతుంది. కాబట్టి ముందు వెళ్లాల్సింది పాత ఇనుప సామాన్ల దుకాణానికి. దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, కల్వకుర్తి, ఎక్కడైనా సరే, ఊళ్లు తిరిగి సామాను కొనేవాళ్లు పొద్దుగూకే వేళకు దుకాణంలో లోడు దించుతారు. ఆ వేళకు మీరు అక్కడుండాలి. రెండు రోజులు ఆగితే టైర్లు కోసి పారేస్తారు, సీటు ఊడదీస్తారు, ఫ్రేము మీద ఇంకో క్వింటాలు ఇనుము పడుతుంది. ముప్పై నలభై ఏళ్లు ఇంట్లో చెక్కుచెదరకుండా ఉన్న బండి తూకం కుప్పలో ఒక్క రాత్రికే వంగిపోతుంది.

దుకాణదారుకు మీ నంబరిచ్చి, ఏం కావాలో అతనికి తెలిసే గుర్తులతో చెప్పండి: ‘కేబుల్ కాకుండా ఇనుప రాడ్లతో బ్రేకులున్నది, తోలు సీటున్నది వస్తే పక్కన పెట్టు, తూకం మీద ఇంత కలిపి ఇస్తా.’ యాంటిక్ అన్న మాట మీ నోట రానివ్వకండి. ఆ మాట విన్నాక రేటు కిలోల్లో ఉండదు.

రెండో చోటు ఇళ్లు. దసరాకు, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేసేటప్పుడు అటుక మీద ఉన్నదంతా వాకిట్లోకి వస్తుంది. మీ ఊళ్లో ఇల్లు విప్పే మేస్త్రీలకు చెప్పిపెట్టుకోండి, వాళ్లకు అందరికంటే ముందు తెలుస్తుంది. మూడోది, గంటల లెక్కన అద్దెకిచ్చి తర్వాత మూతపడ్డ సైకిల్ టాక్సీ షాపులు. అక్కడి బండ్లు బాగా అరిగిపోయి ఉంటాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. రేకు డబ్బాల్లో విప్పని కాటర్ పిన్నులు (పెడల్ కాడను, అంటే క్రాంకును, ఇరుసుకు బిగించేవి), కోన్లు (ఇరుసు మీద గోళీలను బిగించేవి), బ్రేకు రాడ్లు ఉన్నాయేమో అడగండి. వారపు అంగళ్లలో పాత సైకిళ్లు అరుదుగానే వస్తాయి. వాటి కోసమే ప్రయాణం పెట్టుకోవద్దు.

ధర సంగతి. రాడ్ బ్రేకుల పాత సైకిల్ సుమారు 20 కిలోలు తూగుతుంది. ఆ రోజు ఇనుము రేటు కనుక్కోండి. కిలో 30 రూపాయలనుకుంటే 600 అవుతుంది. దుకాణంలో బేరం ఈ అంకె నుంచి మొదలుపెట్టాలి. చక్రాలు తిరుగుతూ, ఫ్రేము నిటారుగా ఉంటే దానికి రెట్టింపు ఇచ్చినా మీరు గెలిచినట్టే. ఇంటివాళ్ల దగ్గర కొనేటప్పుడు మాత్రం, అది నిజంగా విలువైన బండి అని మీకు తెలిస్తే ఆ మాట వాళ్లకు చెప్పి, ఆ తర్వాతే ధర అడగండి. పెద్దాయన పోయాక ఆ సైకిల్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఆ తెలియనితనాన్ని బేరంగా మార్చుకోవడం మాకు సమ్మతం కాదు.

మా దగ్గర ఒకాయన ‘ఇది లండన్ ర్యాలీ, ఇండియా మాల్ కాదు’ అని ఎక్కువ రేటు చెప్తున్నడు. విలాయతీ బండా కాదా అని ఎట్ల తెలుసుకోవాలె? – మిర్యాలగూడ పాఠకుడు

ముందు ఒక మాట. ర్యాలీ ఫ్యాక్టరీ ఉండేది లండన్‌లో కాదు, ఇంగ్లండ్‌లోనే ఉన్న నాటింగ్‌హామ్‌లో. ‘లండన్ ర్యాలీ’ అన్నాడంటే అతను విన్నమాట చెప్తున్నాడని అర్థం.

పేరు చూసి ఏదీ తేల్చలేం. ర్యాలీ పేరుతోనే బెంగాల్‌లోని అసన్సోల్‌లో సెన్-ర్యాలీ కంపెనీ సైకిళ్లు తయారుచేసింది. హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ అన్నీ ఇంగ్లండ్ పేర్లే. వాటిని మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ ఇక్కడే తయారుచేసింది. 1951లో సోనేపట్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో పుట్టుకతోనే మనవి. మన పల్లెల్లో దొరికే పాత బండ్లలో ఎక్కువ భాగం ఈ దేశంలో తయారైనవే. అవి తక్కువవని కాదు. 1950, 60లలో చేసిన ఫ్రేములు గట్టివే. విలాయతీ రేటు పెట్టి కొనకూడదు, అంతే.

ఇప్పుడు బండి చూద్దాం. హ్యాండిలు కింద ముందు గొట్టం మీది బిళ్లను గోటితో తడమండి. అసలుది చిన్న రివెట్లతో బిగించి ఉంటుంది, అంచుల్లో పాత పెయింటు చేరి ఉంటుంది. బంకతో అతికించినదైతే అంచు లేస్తుంది. తర్వాత చైన్‌వీలు, అంటే పెడళ్ల దగ్గరి పెద్ద పళ్ల చక్రం చూడండి. ర్యాలీ చైన్‌వీలులో కొంగ తలలు కోసి ఉంటాయి, రడ్జ్‌కు అరచెయ్యి, హంబర్‌కు మనుషుల బొమ్మలు, బీఎస్ఏకు ఆ మూడు అక్షరాలు. బిళ్ల ఒక కంపెనీది, చైన్‌వీలు ఇంకో కంపెనీది అయితే రెండు బండ్లు కలిపి ఒకటి చేశారన్నమాట.

అన్నిటికంటే నమ్మదగ్గది వెనక చక్రం హబ్బు, అంటే పుల్లలు కలిసే నడిమి భాగం. దాని మీద స్టర్మీ-ఆర్చర్ (గేరు హబ్బులు చేసిన ఇంగ్లండ్ కంపెనీ) అని ఇంగ్లిష్‌లో చెక్కి ఉంటే పాత గుడ్డకు కాస్త డీజిల్ అద్ది రుద్దండి. కింద ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, పక్కన అంకెలు బయటపడతాయి. 58, దాని పక్కన 3 ఉంటే 1958 మార్చిలో తయారైన హబ్బు. ఏడబ్ల్యూ మూడు గేర్ల హబ్బు 1936 నుంచి వచ్చింది. హబ్బు తేదీ బండి తేదీ కానక్కర్లేదు, చక్రం మార్చి ఉండొచ్చు. కానీ అటువంటి హబ్బు ఒక్కటి దొరికినా మిగతా బండి ఉచితంగా వచ్చిందనుకోండి.

గేర్లు పనిచేస్తున్నాయో లేదో కేబుల్ లేకపోయినా చూడొచ్చు. ఇరుసు కుడి కొస నుంచి సన్నటి గొలుసు బయటికి వస్తుంది. అది వదులుగా ఉన్నప్పుడు పెద్ద గేరు, చివరిదాకా లాగితే చిన్న గేరు, నడుమ రెండోది. బండి తలకిందులు పెట్టి, గొలుసును కొద్దికొద్దిగా లాగుతూ పెడల్ తిప్పండి, ఒక్క పెడల్ చుట్టుకు చక్రం ఎంత తిరుగుతుందో మారాలి. మారకపోతే హబ్బు పోయిందని వదిలేయొద్దు. చాలాసార్లు లోపల నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. హబ్బు నడుమ చిన్న మూతున్న రంధ్రం ఉంటుంది. అందులో డీజిల్ పోసి ఒక రాత్రి ఉంచి, తిప్పి వంచేసి, తర్వాత పల్చటి మెషిన్ ఆయిల్ రెండు చెంచాలు వేయండి. ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. మామూలు హబ్బులాగే దీని గుండెనిండా గ్రీజు కూరడం. లోపలి గేరు కొక్కేలు సన్నటి స్ప్రింగుల మీద ఆడాలి. గ్రీజు అంటుకుంటే అవి లేవవు, పెడల్ ఉత్తగా తిరుగుతుంది.

కల్లు గీసేటాయన వాడిన సైకిల్ ఒకటి, పాలాయన వాడినది ఇంకొకటి అమ్మకానికి ఉన్నయి. రెండూ పైకి బాగనే కనిపిస్తున్నయి. ఏది తీసుకోవాలె? – నకిరేకల్ పాఠకుడు

పాత సైకిల్ అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్నేళ్లది’ కాదు, ‘ఏం మోసింది’. మోసిన బరువు ఎక్కడుంటే బండి అక్కడే దెబ్బతింటుంది.

కల్లు లొట్లు వెనక క్యారియర్‌కు రెండువైపులా వేలాడతాయి. కాబట్టి వెనక ఇరుసు, వెనక పుల్లలు, క్యారియర్ కాళ్లు ఫ్రేముకు అతికే చోటు చూడాలి. ఇటువంటి రాడ్ బ్రేకుల పాత బండికి వెనక చక్రంలో 40 పుల్లలు, ముందు 32 ఉంటాయి. పక్కపక్క పుల్లలను జతలుగా వేళ్లతో పిసకండి, ఒకేచోట నాలుగైదు వదులుగా ఉంటే రిమ్ము లొత్త పడి ఉంటుంది. ఇరుసు వంగిందా అన్నది చక్రం తిప్పితే తెలియదు. చక్రం ఊడదీసి ఇరుసును మాత్రమే చేత్తో తిప్పుతూ దాని కొసను చూడండి. కొస గుండ్రంగా ఊగితే ఇరుసు వంగింది. కొత్త ఇరుసు పెద్ద ఖర్చు కాదు, దాని కోసం బండిని వదులుకోవద్దు.

పాలక్యాన్లు కొందరు హ్యాండిలుకు కూడా తగిలిస్తారు. అప్పుడు ఫోర్కు, మెడ కప్పులు (హ్యాండిలు తిరిగే చోట గోళీలు ఉండే గిన్నెలు) దెబ్బతింటాయి. ముందు బ్రేకు పట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. మెడ దగ్గర టక్‌మని ఆడితే కప్పు వదులై ఉండొచ్చు, బిగిస్తే సరిపోతుంది. బిగించాక హ్యాండిలు నేరుగా ఉన్నచోట పట్టినట్టు ఆగి, పక్కకు తిప్పితే వదులైతే మాత్రం కప్పుల్లో గోళీలు గుంటలు చేశాయి, కప్పులు మార్చాలి. తర్వాత కింది గొట్టం ముందు గొట్టాన్ని కలిసే చోట, అడుగు వైపు వేలు పోనిచ్చి తడమండి. అక్కడ పెయింటు సన్నగా ముడతలు పడి ఉంటే బండి దేనికో ఎదురు గుద్దుకుంది. ఆ ముడత ఉన్న బండి ఎంత అగ్గువైనా తొక్కడానికి కొనొద్దు. అదే చోట చీలిక వస్తే హ్యాండిలు చేతిలోకి వస్తుంది.

ఫ్రేము నిటారుగా ఉందా లేదా చూడటానికి మూడు మీటర్ల దారం చాలు. వెనక ఇరుసు బిగించే కుడి చీలికకు దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, ఎడమ చీలికకు తెచ్చి బిగువుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందును రెండువైపులా స్కేలుతో కొలవండి. తేడా రెండు మిల్లీమీటర్ల లోపుంటే ఆ ఫ్రేము మంచిదే. నాలుగైదు దాటితే వెనక భాగం పక్కకు వంగింది, చైను తరచూ పడిపోతుంది.

మీ రెండింటిలో దారం పరీక్ష దాటిన కల్లు బండినే తీసుకోమంటాం. వెనక చక్రం మళ్లీ అల్లించుకోవచ్చు. మెడ దెబ్బతిన్న ఫ్రేమును నమ్మకంగా బాగుచేసే మార్గం మామూలు సైకిల్ షాపులో లేదు. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి దిక్కు చీరల మూటలు మోసిన బండ్లు దొరికితే ఇంకా మంచిది. గుడ్డ మూట ఆకారమే పెద్దది, బరువు తక్కువ.

గొడ్ల కొట్టంలో పదేండ్ల నుంచి నిలబెట్టిన సైకిల్. పైన మంచిగుంది, చక్రాల కింద తుప్పు. ఇది పోతదా, పోదా? కొత్త పెయింటు వేయించాల్నా? – అచ్చంపేట పాఠకుడు

మన దిక్కు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అటుక మీద పెట్టిన ఇనుము బాగానే ఉంటుంది. ఎండేవి తోలూ రబ్బరే. కొట్టంలో లెక్క వేరు. పశువుల మూత్రం, పేడ తడి తగిలే భాగమంతా లోపలిదాకా తినేస్తుంది. పక్కన ఎరువు బస్తాలు పెట్టి ఉంటే ఇంకా తొందరగా తింటుంది, పొటాష్‌లో క్లోరైడ్ ఉప్పు ఉంటుంది.

రిమ్ము మీది తుప్పును గోరంత అల్యూమినియం ఫాయిల్ ముక్క నలిపి, నీళ్లలో ముంచి రుద్దండి. కింద తెల్లటి క్రోము వస్తే అది పైతుప్పు. నల్లటి గుంటలు మిగిలితే క్రోము పోయింది. రాడ్ బ్రేకుల బండిలో రబ్బరు కట్ట రిమ్ము పక్కను కాదు, పుల్లలవైపు ఉన్న లోపలి ముఖాన్ని పట్టుకుంటుంది. అక్కడ గుంటలుంటే కొత్త రబ్బర్లు కూడా తొందరగా అరిగిపోతాయి, వానలో బ్రేకు పట్టదు. కాబట్టి రిమ్ము బయటి అందం చూసి మోసపోకుండా, వేలు లోపలివైపు పెట్టి చక్రం తిప్పండి. గరుకుగా ఉంటే రిమ్ము ధర తీసేసి బేరం చేయండి. ఉప్పుకాగితం క్రోము మీద ఎప్పుడూ పెట్టొద్దు.

పెయింటు సంగతి కూడా అడిగారు. బంగారు గీతలు, కంపెనీ అక్షరాలు సగమైనా మిగిలి ఉంటే కొత్త రంగు వేయించొద్దు. పాత రంగు ఒక్కసారి గీకేస్తే తిరిగి రాదు. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మెత్తటి గుడ్డతో మైనం పాలిష్ పట్టించండి, చాలు.

సీటు గొట్టం, క్రాంకు పిన్ను రెండూ కదలట్లేవు. సుత్తితో కొడితే పిన్ను తల చితికింది. – గద్వాల పాఠకురాలు

కాటర్ పిన్నును చిన్న దెబ్బలు పది కొట్టినా ఊడదు, తలే చితుకుతుంది. సరైన దెబ్బ ఒక్కటి చాలు. ముందు రోజు రాత్రే పిన్ను రెండు కొసల్లోనూ డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి నాలుగు చుక్కలు వేయండి. తెల్లారి నట్టును పూర్తిగా తీయకుండా, పిన్ను మర కొసకు సమానంగా వచ్చేదాకా వదులు చేయండి, మర చెడకుండా అది కాపాడుతుంది. క్రాంకు కింద, పిన్ను రెండో కొస (నట్టు లేని లావు కొస) దూరేంత బోలు ఉన్న మందపు ఇనుప గొట్టం ముక్కను నేలకు ఆనేలా నిలబెట్టండి. ఇదే అసలు కిటుకు. కింద ఆనిక లేకపోతే మీ దెబ్బంతా బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం) గోళీలకు, కప్పులకు పోతుంది. ఇప్పుడు కిలో సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. మీ పిన్ను కొస ఇప్పటికే చితికింది కాబట్టి పొడుచుకొచ్చిన భాగం కోసేసి, 6 మి.మీ. డ్రిల్లుతో నడుమ బెజ్జం వేస్తే పట్టు సడలుతుంది. తర్వాత పంచ్ పెట్టి కొట్టండి.

కొత్త పిన్ను ఎక్కువ బండ్లకు 9.5 మి.మీ. పడుతుంది, కొన్నింటికి 9. పాతది జేబులో వేసుకుని వెళ్లి కొలిచి తెచ్చుకోండి. కుడి, ఎడమ పిన్నులు ఒకదానికొకటి ఎదురు దిశలో ఎక్కించాలి, లేకపోతే పెడళ్లు ఒకే గీతలో నిలబడవు. ఒక ఇరవై కిలోమీటర్లు తొక్కాక నట్టు మళ్లీ బిగించండి.

సీటు గొట్టానికి, బిగింపు బోల్టు పూర్తిగా బయటికి తీసి, సీటు విప్పి, అదే నూనె రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం వేయండి. తర్వాత పైప్ రెంచితో తిప్పాలి, లాగొద్దు. ఒక్క వెంట్రుకవాసి తిరిగిందంటే ఇక వస్తుంది. మంట పెడితే తొందరగా వస్తుంది కానీ అక్కడి పాత పెయింటు పోతుంది.

కొన్నాక సామాను దొరుకుతుందా? ఓవరాలింగ్‌కు ఏమేం తెచ్చిపెట్టుకోవాలి? – సూర్యాపేట పాఠకుడు

మామూలు దేశీ బండికి ఏ పాత సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. గోళీలు కొత్తవే వేయండి, పాతవాటితో కలపొద్దు. బ్రాకెట్‌కు పావు అంగుళం గోళీలు పక్కకు 11, వెనక హబ్బుకు అవే పక్కకు 9, ముందు హబ్బుకు 3/16 అంగుళం పక్కకు 10. మెడ కప్పులకు ఎక్కువగా 5/32 పడతాయి. లెక్క తెలియకపోతే కప్పు నిండా పేర్చి ఒకటి తీసేయండి. చైను 1/2×1/8. స్కేలు పెట్టి 24 లంకెలు కొలిస్తే 12 అంగుళాలు రావాలి. 12⅛ వస్తే చైను మార్చాలి, అప్పుడు ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రం) కూడా మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైను జారుతుంది.

మోసపోయే చోటు టైరు. రాడ్ బ్రేకు బండికి 28×1½, అంటే రిమ్ము కొలత 635 మి.మీ. ఆన్‌లైన్లో ‘28’ అని తెప్పిస్తే ఎక్కువగా 622 వస్తుంది, అది ఎక్కదు. 26×1⅜ పాత రిమ్ము 590. షాపులో ‘26’ అని ఇప్పటి గేరు సైకిళ్ల టైరిస్తే అది 559. టైరు పక్కన చిన్నగా రాసి ఉన్న ఈ మూడంకెలు చూసి కొనండి. పాత టైరు మీద చెరగకపోతే అదే అంకె ఉండొచ్చు.

నాటింగ్‌హామ్ ర్యాలీ అయితే ఒక చిక్కుంది. దాని బ్రాకెట్, మెడ కప్పుల మర అంగుళానికి 26 చుట్లు, మన కప్పులది 24. ఒకటిన్నర చుట్టు ఎక్కి ఆగిపోతుంది. మెకానిక్ బలంగా తిప్పితే ఫ్రేము మరే పోతుంది. అటువంటి బండిలో పాత కప్పులు ఎంత అరిగినా పారేయకుండా కడిగి, కొత్త గోళీలతో వాడుకోండి. బ్రూక్స్ తోలు సీటుంటే కొబ్బరినూనె పోయొద్దు, తోలు మెత్తబడి ఊయలలా కుంగిపోతుంది. తేనెమైనం కలిసిన తోలు పాలిష్ సన్నగా పట్టించి, ముక్కు దగ్గరి బోల్టును పావు చుట్టు మాత్రమే బిగించండి.

దుకాణంలో కొన్న సైకిల్‌కు కాగితాలేమీ ఉండవు కదా. రేపు ఎవరైనా ‘నాది’ అంటే? – కల్వకుర్తి పాఠకుడు

సైకిల్‌కు ఆర్‌సీ లేదు, కాబట్టి చీటీ మీరే రాయించుకోవాలి. తేదీ, ధర, అమ్మినవాళ్ల పేరు, ఫోను, ఫ్రేము నంబరు రాయండి. నంబరు సీటు కింది ముడి దగ్గరో, బ్రాకెట్ అడుగునో కొట్టి ఉంటుంది. ఆకురాయితో గీకేసిన గుర్తు కనిపిస్తే ఆ బండి ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం.

నా బండి ముందు నంబరున్న ఇత్తడి బిళ్ల ఉంది. తుప్పుపట్టిన తీగతో కట్టారు. తీసేయనా? – వనపర్తి పాఠకురాలు

తీయొద్దు. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిల్‌కు కూడా పన్ను వసూలుచేసి, కట్టినవాళ్లకు ఇచ్చిన బిళ్ల అది. దాని మీద సంవత్సరం ఉంటే, ఆ ఏటికే మీ బండి రోడ్డు మీద ఉందనడానికి అంతకంటే గట్టి గుర్తు ఇంకొకటి దొరకదు. చింతపండుతో తోమి మెరిపిస్తే సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. సబ్బునీళ్లలో పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా కడిగి, ఆరబెట్టి, కొత్త ఇత్తడి తీగతో ఉన్నచోటే కట్టండి.